వేరు నుంచి చిగురు దాకా

సంస్కృతంలో చెట్టుకు ఉన్న పర్యాయపదాలలో 'పాదపం' ఒకటి. పాదాలతో తాగునది అని దాని వ్యుత్పత్తి. వృక్షం, తరువు, మహీరుహం, విటపి మొదలైన మాటలు చెట్టు ఆకారాన్నో, స్థానాన్నో తెలుపుతుండగా, ఈ మాట చెట్టు చేసే పనిని పట్టి పుట్టింది. నేల మీద పోసిన నీరు కొమ్మ చివరి చిగురును పచ్చబరుస్తున్నదని గమనించిన పూర్వులు వేళ్లను పాదాలుగా, ఆ పాదాలనే నోరుగా భావించారు. వ్యాస మహాభారతం శాంతిపర్వంలో భృగు మహర్షి చెట్లకు ప్రాణమున్నదని భరద్వాజునికి నిరూపిస్తూ ఈ విషయాన్నే ప్రస్తావిస్తాడు. కలువకాడను నోట పెట్టుకొని నీటిని పైకి పీల్చినట్లు, వాయువు తోడ్పాటుతో చెట్టు పాదాలతో నీరు తాగుతుందని ఆయన చెప్పిన పోలిక.

పోలిక చక్కనిది. అయితే అందులోనే ఒక చిక్కు ప్రశ్న దాగి ఉన్నది. కలువకాడతో నీరు పీల్చే మనిషికి నోరు పైన ఉంటుంది. పీల్చే ప్రయత్నం పైనుంచి జరుగుతుంది. చెట్టు నోరు కిందనే ఉన్నదంటే పైకి పంపేది ఎవరు? లేక పైననే మరొక నోరున్నదా? ఈ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానం దొరకడానికి మానవునికి పందొమ్మిదో శతాబ్దం చివరి దాకా పట్టింది.

ముందు పాదాల సంగతి. వేరు ఎంత లావైనదైతే అంత నీరు తాగుతుందనుకోవడం పొరపాటు. ముదిరిన వేళ్లు చెట్టును నేలకు పట్టి నిలుపుతాయే గాని, నీటిని గ్రహించడంలో వాటి పాత్ర స్వల్పం. వేరు కొనకు కొంచెం ఎగువన, కంటికి నూగులాగా కనిపించే మూలకేశాలే అసలు పని చేస్తాయి. ఒక్కొక్క మూలకేశం ఒకే ఒక కణం పొడుగు సాగి ఏర్పడినది. మట్టి రేణువుల నడుమ ఉన్న సన్నని నీటి పొరలోనికి అది చొచ్చుకొని పోతుంది. డిట్మర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు నాలుగు నెలలు పెరిగిన ఒకే ఒక రై మొక్కను పెకలించి దాని వేళ్లను లెక్కించి, 1937లో ఫలితాలు ప్రకటించాడు. వేళ్లన్నింటినీ వరుసగా పేర్చితే 600 కిలోమీటర్లకు పైబడిన పొడవు. వాటిపై మూలకేశాలు సుమారు 1400 కోట్లు. గోధుమ పైరును పోలిన చిన్న గడ్డిజాతి మొక్క నేలలో పరచుకున్న సంసారం ఇది.

మూలకేశాలు అతి సుకుమారమైనవి. చాలావరకు కొద్ది రోజులే జీవిస్తాయి. నారుమడి నుంచి మిరప నారు పీకి పొలంలో నాటినపుడు, ఎంత నీరు పెట్టినా మొక్కలు ఒకటి రెండు రోజులు తలలు వాల్చడానికి కారణం ఇదే. నారు పీకడంలో మూలకేశాలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. కొత్తవి మొలిచేవరకు మొక్క నీటి మధ్య నిలబడి దప్పిగొంటుంది. సాయంకాలం ఎండ తగ్గిన తరువాత నాటే అలవాటు వెనుక ఉన్న అనుభవం ఈ శాస్త్రానికి దూరమైనది కాదు.

మూలకేశంలోని కణరసం మట్టి నీటి కంటె చిక్కనిది. పలుచని ద్రవం నుంచి చిక్కని ద్రవం వైపు నీరు పొర గుండా ప్రసరించడాన్ని ద్రవాభిసరణ అంటారు. ఈ విధంగా లోపలికి వచ్చిన నీరు వల్కల కణాలను దాటి వేరు నడిబొడ్డుకు చేరవలసి ఉన్నది. దారిలో అంతశ్చర్మమనే ఒక కణాల వరుస కోటగోడలాగా నిలుస్తుంది. ఈ కణాల పక్కగోడలలో నీటిని చొరనీయని పట్టీలు ఉంటాయి. అందుచేత కణాల సందుల గుండా దొంగదారిన వచ్చిన నీరైనా సరే, ఇక్కడ ఒక సజీవ కణంలోనికి ప్రవేశించి, దాని అనుమతితోనే ముందుకు సాగాలి. ఖనిజ లవణాల విషయంలో ఈ కావలి మరింత ముఖ్యమైనది. నత్రజని, భాస్వరం, పొటాషియం వంటి మూలకాల లవణాలు మట్టి నీటిలో అత్యల్పంగా, కణాలలో అధికంగా ఉంటాయి. తక్కువ ఉన్నచోటి నుంచి ఎక్కువ ఉన్నచోటికి వాటిని ఎక్కించడానికి కణం తన శక్తిని వెచ్చించాలి. ఆ శక్తి శ్వాసక్రియ వల్ల లభిస్తుంది. పొలంలో రోజుల తరబడి నీరు నిలిచినపుడు పత్తి, కంది వంటి మెట్టపైర్లు పసుపు పచ్చగా మారడం చూస్తాం. నీరు సమృద్ధిగా ఉన్నా ఊపిరాడని వేళ్లు లవణాలను లోనికి తీసుకోలేవు.

వేరు నడిబొడ్డున దారువు ఉన్నది. దారునాళాలు ఒకదానిపై ఒకటి అమరిన కణాల నుంచి ఏర్పడిన సన్నని గొట్టాలు. విచిత్రమేమంటే, ఈ కణాలు మరణించిన తరువాతనే పనికి వస్తాయి. లోపలి జీవపదార్థం హరించి, నడుమ అడ్డుగోడలు కరిగిపోయి, గట్టిపడిన పక్కగోడలు మాత్రమే మిగిలినపుడు అవి నీటికి దారి ఇస్తాయి. నిర్జీవమైన ఈ గొట్టాలలో నీరు పైకి ఎలా ఎగబాకుతున్నది?

ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే క్రైస్తవ మతాచార్యుడు ఈ ప్రశ్నను తూకపురాళ్లతో, కొలబద్దలతో ఎదుర్కొన్నాడు. 1727లో వెలువడిన తన గ్రంథంలో ఆయన ఆ ప్రయోగాలను వివరించాడు. వసంతకాలంలో ద్రాక్షతీగను కోసి, మోడుకు గాజుగొట్టం బిగించి చూడగా, రసం ఇరవై అడుగులకు పైగా ఎగసింది. వేళ్లు నీటిని కింది నుంచి తోస్తున్నాయని దీనివల్ల తెలిసింది. దీనినే మూలపీడనం అంటున్నారు. తెల్లవారుజామున వరి ఆకుల కొనల మీద, చేమ ఆకుల అంచుల మీద నిలిచే నీటిబొట్లన్నీ మంచు బిందువులు కావు. రాత్రివేళ ఆకులు ఆవిరి విడువక, నేల తడిగా ఉన్నపుడు, మూలపీడనం వల్ల అంచులలోని రంధ్రాల గుండా వెలువడిన మొక్కల సొంత రసమే చాలావరకు అది. దీనికి బిందుస్రావమని పేరు. అయితే మూలపీడనం సాధారణంగా ఒకటి రెండు అట్మాస్ఫియర్లను మించదు. పైగా ఎండ మండుతూ చెట్టుకు నీటి అవసరం మిక్కుటంగా ఉన్న మధ్యాహ్నవేళ అది దాదాపు కనుమరుగవుతుంది. ఎత్తైన చెట్లకు ఈ తోపుడు చాలదు.

పోనీ, కలువకాడ పోలికను తీసుకొందామంటే దానికీ ఒక హద్దున్నది. నోటితో గాని పంపుతో గాని గాలిని లాగివేసినపుడు నీటిని పైకి నెట్టేది బయటి వాతావరణ పీడనం. ఆ బలం నీటిని 10.3 మీటర్లకు మించి ఎత్తలేదు. వ్యవసాయ బావుల మీద బిగించిన మోటార్లు వాస్తవంలో ఏడెనిమిది మీటర్ల లోతుకే చేతులెత్తేస్తాయి. నీటిమట్టం తగ్గినపుడల్లా మోటారును బావిలోనికి దింపుకొనే రైతుకు ఈ హద్దు ఏ గ్రంథం చదవకుండానే తెలుసు. ఇక సన్నని గొట్టంలో నీరు దానంతట అది ఎగబాకే కేశనాళికీయత అనే ధర్మమొకటి ఉన్నది. మిల్లీమీటరులో పదోవంతు వ్యాసమున్న నాళంలో అది నీటిని ముప్పై సెంటీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే ఎక్కించగలదు. తులసి మొక్కకు చాలునేమో గాని టేకు చెట్టుకు చాలదు. కాలిఫోర్నియాలో 2006లో గుర్తించిన ఒక రెడ్‌వుడ్ వృక్షం ఎత్తు 115 మీటర్లు దాటి ఉన్నది. నలభై అంతస్తుల భవనం శిఖరానికి శబ్దం చేయకుండా, మోటారు లేకుండా నీరెక్కినట్లు.

చెట్టులోని సజీవ కణాలే నీటిని అంచెలంచెలుగా పైకి తోడుతున్నాయేమోనని కొందరు తలచారు. జర్మనీలో ఎడ్వర్డ్ స్ట్రాస్‌బర్గర్ 1890 ప్రాంతాల్లో చేసిన ప్రయోగం ఈ వాదాన్ని గట్టిగా పరీక్షించింది. ఆయన ఇరవై మీటర్ల ఎత్తున్న చెట్లను మొదలంటా కోయించి, కోసిన మొదళ్లను విషద్రావణంలో నిలబెట్టించాడు. వేళ్లు లేవు కనుక మూలపీడనం లేదు. విషం ఎక్కినకొద్దీ కాండంలోని సజీవ కణాలన్నీ చచ్చాయి. అయినా ద్రావణం ఆగక పైకి పోతూనే ఉన్నది. అది ఆకులను చేరి, ఆకులు మరణించిన పిమ్మటనే ప్రయాణం నిలిచింది. తీర్పు స్పష్టం: తోసేవాడు కింద లేడు, నడుమ లేడు; లాగేవాడు పైన, ఆకులో ఉన్నాడు.

ఆకు అడుగుభాగాన ఎక్కువగా ఉండే పత్రరంధ్రాల నుంచి నీరు ఆవిరై పోవడాన్ని బాష్పోత్సేకం అంటారు. వేళ్లు గ్రహించిన నీటిలో నూటికి తొంభై ఐదు వంతులకు పైగా ఇట్లే గాలిలో కలుస్తుంది. పైకి ఇది వృథా వ్యయంగా తోస్తుంది గాని, చెట్టును నిలబెట్టే యంత్రాంగమంతా దీనిలోనే ఉన్నది. 1894లో డబ్లిన్‌కు చెందిన డిక్సన్, జోలీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనిని వివరించారు. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి. ఈ బలానికి సంసంజన బలమని పేరు. నాళపు గోడలనూ అవి అంటిపెట్టుకొంటాయి. అది అసంజన బలం. ఆకులో ఒక అణువు ఆవిరైతే దాని వెనుకనున్నది ఆ చోటికి జరుగుతుంది. అది తన వెనుకనున్న దానిని లాగుతుంది. ఇట్లా ఆకు నుంచి వేరు కొన దాకా, తెగని నీటి సరం ఒకటి, బావిలో నుంచి చేదతాడును లాగినట్లు పైకి సాగుతూ ఉంటుంది. లాగే శక్తి సూర్యునిది. చెట్టు తన జేబు నుంచి దమ్మిడీ ఖర్చు చేయదు.

ద్రవాన్ని తాడులాగా లాగవచ్చునా, తెగిపోదా అనే సందేహం సహజమే. నూరు మీటర్ల చెట్టుకు నీటి బరువును, నాళాలలోని రాపిడిని అధిగమించడానికి సుమారు 20 అట్మాస్ఫియర్ల తన్యత కావాలి. గాలి బుడగలు లేని శుద్ధజలం 200 అట్మాస్ఫియర్లకు మించిన తన్యతను తట్టుకోగలదని ప్రయోగశాలల్లో తేలింది. చెట్లలో ఈ తన్యత నిజంగానే ఉన్నదా అనే ప్రశ్నకు 1965లో షోలాండర్ బృందం సమాధానమిచ్చింది. కొమ్మను తుంచగానే నీటి సరం తెగి, సాగదీసిన రబ్బరులాగా లోపలికి ముడుచుకుంటుంది. ఆ కొమ్మను ఉక్కు పాత్రలో ఉంచి, తుంచిన కొన మాత్రం బయటకు వచ్చేటట్లు బిగించి, రసం తిరిగి కొనకు పొంగేవరకు లోపల వాయుపీడనం పెంచితే, ఆ పీడనమే పూర్వపు తన్యతకు కొలత. మహోన్నతమైన డగ్లస్ ఫర్ చెట్ల కొమ్మలను ఎక్కి కోయడం సాధ్యం కాక, తుపాకితో కాల్చి పడగొట్టించారు. శాస్త్రచరిత్రలో తుపాకికి దక్కిన అరుదైన గౌరవమిది.

వారు మడ చెట్లను కూడా పరీక్షించారు. సముద్రజలపు ద్రవాభిసరణ పీడనం సుమారు 25 అట్మాస్ఫియర్లు. ఉప్పునీటిలో నిలిచి మంచినీరు లాగవలసిన మడ చెట్లలో తన్యత దానిని మించి కనిపించింది. కాకినాడ దగ్గర కోరంగి అడవిలో, బురదలో నిలిచి ప్రశాంతంగా కనిపించే ప్రతి మడ చెట్టూ రేయింబవళ్లు సముద్రంతో లాగులాట ఆడుతున్నదన్నమాట.

ఈ సందర్భంలో జగదీశ్ చంద్ర బోసును స్మరించాలి. వల్కలం లోపలి వరుసలోని కణాలు గుండెలాగా స్పందిస్తూ రసాన్ని పైకి తోస్తాయని ఆయన 1923లో వెలువడిన తన గ్రంథంలో ప్రతిపాదించాడు. బెరడును, వల్కలాన్ని వలయంగా ఒలిచివేసినా నీరు పైకి పోతూనే ఉండడం వల్ల ఈ సిద్ధాంతం నిలువలేదు. మొక్కల అతిసూక్ష్మ చలనాలను కొలవగల పరికరాలను నిర్మించిన ఆ మహామేధావి ప్రతిష్ఠకు దీనివల్ల వచ్చిన లోటేమీ లేదు.

నీటి సరం తెగడమూ కద్దు. ఎండ తీవ్రమై నేల ఎండినపుడు తన్యత హద్దు మీరి, నాళంలో గాలి బుడగ ఏర్పడుతుంది. ఆ నాళం ఇక నీటిని మోయలేదు. తెగినపుడు చిటుక్కుమనే స్పందన పుడుతుంది. 1966లో మిల్‌బర్న్, జాన్సన్ అనేవారు సున్నితమైన పరికరంతో ఈ చిటపటలను విన్నారు. వారు ఎంచుకొన్నది తెలంగాణ చెలకలకు చిరపరిచితమైన ఆముదం ఆకు. ఎండకు వాడుతున్న ఆముదం చేను మన చెవికి నిశ్శబ్దంగానే ఉంటుంది. కాని లోపల వందలాది తాళ్లు తెగుతూ ఉంటాయి. ఒక నాళం మూతబడితే పక్క నాళం గుండా నీరు మళ్లుతుంది. మూతబడేవి మరీ ఎక్కువైతే కొమ్మ ఎండుతుంది.

తెలుగులో 'చేవ' అనే మాట బలానికి, సమర్థతకు పర్యాయం. చెట్టు నడిమి గట్టి కలపకు అది పేరు. ఎర్రచందనానికి విలువ తెచ్చేది ఆ ఎర్రని చేవయే. అయినా జలప్రసరణ విషయంలో చేవకు ఏ సమర్థతా లేదు. ఏళ్లు గడచిన నాళాలు జిగురుతో, రంగుపదార్థాలతో పూడుకొని పోగా అది ఏర్పడింది. నీరు ప్రవహించేది బెరడుకు దగ్గరగా ఉన్న లేత తెల్లచెక్కలోనే. నడుమ పెద్ద తొర్ర పడిన చింతచెట్టు ఏటా చిగిర్చి కాయడంలోని రహస్యమిదే.

ఇక ఆహారం. ఆకులో తయారైన చక్కెర వేళ్లకు, పూలకు, గింజలకు చేరే దారి వేరు. ఇటలీకి చెందిన మాల్పిగీ పదిహేడో శతాబ్దంలోనే చెట్టు బెరడును వలయంగా ఒలిచి చూశాడు. ఆకులు వెంటనే వాడలేదు. కాని వలయానికి పైనున్న బెరడు ఉబ్బింది. కిందికి దిగే పోషక ద్రవ్యం అక్కడ నిలిచిపోయిందన్నమాట. బెరడులో ఉన్న ఈ మార్గమే పోషక కణజాలం. వలయం ఒలిచిన చెట్టు కొంతకాలం పచ్చగానే ఉండి, వేళ్లలోని నిల్వ తీరిన తరువాత ఆకలితో చస్తుంది. వీధుల పక్క చెట్లకు ఎప్పుడో కట్టి విప్పడం మరచిన ఇనుప తీగలు ఈ పనినే నెమ్మదిగా చేస్తుంటాయి.

దారువు మృతకణాల మార్గం కాగా, పోషక కణజాలంలోని చాలనీ నాళాలు సజీవాలు. వాటి అడ్డుగోడలు జల్లెడలాగా ఉంటాయి. తమ కేంద్రకాన్ని కోల్పోయి, పక్కనున్న సహకణాల మీద ఆధారపడి అవి బతుకుతాయి. 1930లో జర్మనీ శాస్త్రజ్ఞుడు మ్యూంఖ్ వాటిలోని ప్రవాహాన్ని వివరించాడు. ఆకు కణాలు చక్కెరను చాలనీ నాళాలలోనికి నింపుతాయి. రసం చిక్కబడగానే పక్కనున్న దారువు నుంచి నీరు లోపలికి వచ్చి పీడనం పెరుగుతుంది. చక్కెర ఖర్చయ్యే చోట, అంటే వేరులోనో కాయలోనో, పీడనం తగ్గుతుంది. ఎక్కువ నుంచి తక్కువకు రసం ప్రవహిస్తుంది, గంటకు ఒక మీటరుకు అటూ ఇటూ. నీరు ఎప్పుడూ పైకే. ఆహారానికి మాత్రం అవసరమున్న దిక్కే దిక్కు. వరిలో పోటాకు తయారుచేసిన చక్కెర పైనున్న కంకికి ఎక్కుతుంది. అందుచేతనే గింజ పాలు పోసుకొనే దశలో పోటాకు ఎండితే తాలు మిగులుతుంది.

చాలనీ నాళాలను మనిషి సూదితో గుచ్చితే అవి వెంటనే మూసుకుపోతాయి. మనిషికి చేతకానిది పేనుబంక పురుగుకు చేతనైనది. చిక్కుడు తీగకు పట్టే ఈ చిన్న పురుగు తన సన్నని ముఖాంగాన్ని సరిగ్గా ఒక్క చాలనీ నాళంలో దించుతుంది. లోపలి పీడనమే రసాన్ని దాని కడుపులోనికి పంపుతుంది. మిగులు తీపి జిగురై ఆకుల మీద పడుతుంది. 1953లో కెన్నెడీ, మిట్లర్ అనే శాస్త్రజ్ఞులు, ముఖాంగాన్ని గుచ్చిన చోటనే ఉంచి పురుగు దేహాన్ని తొలగించారు. ఆ మొండి గొట్టం నుంచి రసం గంటల తరబడి ఊరింది.

దీనికంటె పెద్ద ప్రయోగం తాటివనాలలో తరతరాలుగా జరుగుతున్నది. మోకు కట్టుకొని తాడిచెట్టెక్కిన గీత కార్మికుడు గెల కొనను పలుచగా చెక్కి లొట్టి కడతాడు. కాయలకు చేరవలసిన చక్కెర రసం లొట్టిలోనికి దిగుతుంది. గాయాన్ని చెట్టు పూడ్చుకొంటుంది కనుక ప్రతి పూటా తాజాగా చెక్కాలి. ఎంత పలుచగా, ఏ ఏటవాలున చెక్కాలో తెలిసిన ఆ చేతి నేర్పు, చాలనీ నాళాల స్వభావాన్ని పేర్లు తెలియకుండానే తెలుసుకొన్న విద్య. తాటికి ఏటేటా కొత్త పోషక కణజాలం ఏర్పడదు. మొదట్లో పుట్టిన చాలనీ నాళాలే దశాబ్దాల పాటు పనిచేస్తాయి.

ఖనిజాలన్నీ ఈ రెండు దారులనూ సమానంగా వాడుకోవు. నత్రజని రెండింటిలోనూ సంచరిస్తుంది. కొరత వచ్చినపుడు మొక్క ముసలి ఆకుల నుంచి దానిని తీసి లేత ఆకులకు ఇస్తుంది. అందువల్ల మొదట పసుపు బారేవి కింది ఆకులు. ఇనుము అట్లా కదలదు. సున్నపు నేలల్లో వేరుశనగకు ఇనుము అందనపుడు కొత్త ఆకులే పాలిపోతాయి. ఏ ఆకు ముందు పాలిపోయిందో గమనిస్తే ఏది కొరవడిందో సగం తెలిసినట్లే.

కాల్షియం కథ మరింత విచిత్రం. అది నీటితోపాటు దారువులో పైకి పోవడమే గాని, చాలనీ నాళాల గుండా తిరిగి రావడం దాదాపు లేదు. నీరు ఎటు ఆవిరైతే కాల్షియం అటే పోతుంది. వేరుశనగ పూలు నేలపైన పూసి, ఊడలు నేలలోనికి దిగి, కాయలు మట్టిలో ఊరతాయి. మట్టిలో ఉన్న కాయ నుంచి నీరు ఆవిరి కాదు. కనుక వేళ్లు గ్రహించిన కాల్షియం ఆకులకే చేరుతుంది తప్ప కాయకు రాదు. తల్లి మొక్క చక్కెరను ఇవ్వగలదు, నత్రజనిని ఇవ్వగలదు, కాల్షియాన్ని మాత్రం ఇవ్వలేదు. కాయ తన పొట్టు గుండా చుట్టూ ఉన్న మట్టి నుంచి దానిని స్వయంగా తాగవలసిందే. అది దొరకనపుడు పైన చెట్టు పచ్చగా ఏపుగా ఉండగానే, కింద గింజ లేని తాలు కాయలు మిగులుతాయి. పీకి చూసేదాకా రైతుకు తెలియదు. అందుకే అనంతపురం ప్రాంతపు ఎర్రనేలల్లో, కాల్షియం గల జిప్సమును విత్తేనాడే గాక, ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోల చొప్పున మొక్కల మొదళ్ల దగ్గర చల్లి, మట్టి ఎగదోయమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. వేళ్లున్న లోతులో కాదు, ఊడ దిగే పై రెండు మూడు అంగుళాల మట్టిలోనే అది ఉండాలి.